నెలకు ముప్పై వేల ఇంట్లో చంటిబిడ్డ: మొదటి ఏడాది లెక్క

చంటిబిడ్డ వచ్చాక డబ్బు చాలడం లేదంటున్న ఇంట్లో కూర్చుని నెల లెక్క రాస్తే, చాలాసార్లు అందులో తప్పేమీ కనిపించదు. అద్దె, కిరాణా, పాలు, డైపర్లు అన్నీ కలిపినా జీతంలో సరిపోతాయి. అయినా మూడో నెలకల్లా చేబదులు మొదలవుతుంది, ఆరో నెలకల్లా గొలుసు తాకట్టుకు వెళ్తుంది. ఎందుకంటే బిడ్డ ఖర్చు నెలనెలా సమంగా రాదు. బారసాల ఒక నెల, జ్వరం ఒక నెల, అన్నప్రాసన ఇంకో నెల, పుట్టువెంట్రుకలు మరో నెల. ఒక్కోసారి ఒక్కో దెబ్బ. అందుకే మొదటి ఏడాదికి లెక్క పన్నెండు నెలలకూ కలిపి వేయాలి.

ఒక ఇల్లు తీసుకుందాం. హనుమకొండలో రెండు గదుల అద్దె వాటా. భర్త జీతం 30,000. భార్య బట్టల షాపులో 12,000కు చేసేది, కడుపుతో ఉండగా ఏడో నెలలో మానేసింది. ఇప్పుడు ఇంట్లోకి వచ్చేది ఒక్క జీతమే.

అద్దె 7,500
కరెంటు, నీళ్ళు 900
గ్యాస్ 900
బియ్యం, కిరాణా 5,500
పాలు, పెరుగు 2,400
కూరగాయలు, గుడ్లు, మాంసం 3,500
పెట్రోలు, బస్సు 2,000
ఫోన్లు, టీవీ 700
చిట్టీ 3,000
బండి వాయిదా 2,600

మొత్తం 29,000. మిగిలిన వెయ్యిలో డైపర్లకు 600, సబ్బు, నూనెకు 250, చుక్కల మందుకు 150. లెక్క సరిపోయింది. ఇంతవరకు అందరూ వేసుకుంటారు.

ఇప్పుడు విడిగా వచ్చి పడేవి రాయండి. బారసాల 15,000, అన్నప్రాసన 3,000, పుట్టువెంట్రుకలకు ప్రయాణంతో 8,000, మొదటి పుట్టినరోజు 10,000, బిడ్డకు ఒంట్లో బాగోకపోతే డాక్టరు ఫీజు, మందులు కలిపి సారికి 800 చొప్పున ఏడాదిలో ఆరుసార్లకు 4,800, పుట్టింటికీ అత్తింటికీ రాకపోకలకు 4,000, బట్టలు 3,000. కూడితే 47,800. పన్నెండుతో భాగిస్తే నెలకు దాదాపు 4,000. అంటే సరిపోయినట్టు కనిపిస్తున్న ఇంట్లో నిజానికి నెలనెలా నాలుగు వేల లోటు ఉంది. సబ్బు బిళ్ళ దగ్గరా టీ పొడి దగ్గరా పొదుపు చేస్తే ఈ గుంట పూడదు.

కాన్పుకు ముందే చూసుకోవాల్సింది

ఈ ఇంట్లో జరిగిన అన్నిటికన్నా పెద్ద నష్టం పై లెక్కలో లేనే లేదు. ఆమె ఉద్యోగం మానేయడమే ఆ నష్టం. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే షాపు అయితే, కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసిన స్త్రీకి మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టం ప్రకారం రావాలి. 12,000 జీతానికి ఆరు నెలలంటే 72,000. పైన రాసిన వేడుకలన్నీ కలిపినా అంత కాదు. జీతంలోంచి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కోస్తుంటే ఆ డబ్బు యజమాని ఇవ్వడు, ఈఎస్ఐ ఇస్తుంది. నెల జీతం 21,000 దాటని వాళ్ళకు ఈఎస్ఐ వర్తిస్తుంది. ప్రసూతి సొమ్ముకు అంతకుముందు రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి కనీసం 70 రోజుల చందా పడి ఉండాలి. కాబట్టి రాజీనామా కాగితం మీద సంతకం పెట్టొద్దు. సెలవు కావాలని రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితం నకలు మీ దగ్గర పెట్టుకోండి. 'కాన్పయ్యాక మళ్ళీ చేరుదువుగానిలే' అన్న నోటిమాటతో ఇంటికి వచ్చేస్తే తర్వాత అడగడానికి ఆధారం ఉండదు.

కాన్పు ఖర్చు మాటకొస్తే, ప్రభుత్వాసుపత్రిలో సాధారణ కాన్పైనా సిజేరియనైనా డబ్బు కట్టక్కర్లేదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, ఇంటికి దింపే బండి అన్నీ ఉచితం. బిడ్డకు ఏడాది నిండేవరకు జబ్బు చేసినా అదే వర్తిస్తుంది. ప్రైవేటుకే వెళ్తామంటే ప్యాకేజీలో ఏమేం కలిశాయో కాగితం మీద రాయించుకోండి. పిల్లల డాక్టరు ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, బిడ్డను ఐసీయూలో పెడితే రోజుకు ఎంత అనేవి తరచూ ప్యాకేజీ బయటే ఉంటాయి, బిల్లు పెరిగేది అక్కడే. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉంటే, బిడ్డ పేరు ఎన్ని రోజుల్లోగా చేర్చాలో కాన్పుకు ముందే హెచ్ఆర్‌ను అడగండి. గడువు దాటితే మళ్ళీ పాలసీ కొత్తదయ్యేదాకా బిడ్డకు బీమా ఉండదు.

వేడుకలు

కోత ఇక్కడ మొదలుపెట్టాలి, ఇక్కడే డబ్బు ఉంది. బారసాలను పదకొండో రోజున గానీ ఇరవై ఒకటో రోజున గానీ ఇంట్లోనే రెండు వైపులా దగ్గరివాళ్ళు ముప్పైమందితో చేస్తే, వంట ఇంట్లో చేసుకుంటే 6,000లో అవుతుంది. ఫంక్షన్ హాలు, ఫొటోగ్రాఫరు, పూల ఉయ్యాల అనగానే పదిహేను దాటుతుంది. అన్నప్రాసనకు గుడి, గిన్నెడు పరమాన్నం, పూజారికి దక్షిణ, మొత్తం 500. పుట్టువెంట్రుకలు, పుట్టినరోజు రెండూ ఒక్క ప్రయాణంలో కలిపేయండి. ఈ రెండిటినీ పదకొండో నెలలో చేయడం చాలా ఇళ్ళల్లో ఆనవాయితీకి అడ్డం కాదు. తిరుమల మొక్కైతే కల్యాణకట్టలో గుండు ఉచితం, క్షురకుడికి విడిగా ఇవ్వనక్కర్లేదు. ఏడాది లోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రులకు సుపథం దారిలో దర్శనం ఉంటుంది, జనన ధ్రువపత్రం చూపాలి. ఆ వేళలు మారుతుంటాయి కాబట్టి టీటీడీ వాళ్ళ దగ్గర కనుక్కుని వెళ్తే రాత్రి గది అద్దె తప్పుతుంది.

బంధువులు ఎలాగూ ఏదో ఒకటి తెస్తారు. అడిగిన వాళ్ళకు మొహమాటపడకుండా చెప్పండి: ఆరు నెలల సైజు బట్టలు, లేదా మీడియం సైజు డైపర్ల ప్యాకెట్టు. చెప్పకపోతే పుట్టినప్పటి సైజు ఫ్రాకులు పది వస్తాయి. రెండు నెలల్లో ఒక్కటీ పట్టదు.

ఇలా కోస్తే ఏడాది లెక్క: బారసాల 6,000, అన్నప్రాసన 500, పుట్టువెంట్రుకలూ పుట్టినరోజూ కలిపి 8,000, డాక్టరుకు 4,800, రాకపోకలకు 2,000, బట్టలకు 1,500. మొత్తం 22,800, నెలకు 1,900. డాక్టరు ఖర్చులో పైసా కోయలేదు, గమనించండి.

ఈ 1,900 ఎక్కడినుంచి? తెలంగాణలో తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు బిల్లు సున్నా. పై ఇంటికి దాదాపు 800 అక్కడే మిగులుతుంది. కానీ 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లూ కట్టాలి, దాటిన యూనిట్లకు మాత్రమే కాదు. చంటిబిడ్డ ఇంట్లో ఇది తేలిగ్గా దాటుతుంది. 2 కిలోవాట్ల గీజర్ రోజుకు అరగంట వేస్తే నెలకు 30 యూనిట్లు. గుడ్డలు ఆరక వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె రోజుకు అరగంట వాడితే ఇంకో 15. నెల మధ్యలో ఒకసారి మీటరు చూసి 110 దాటిందంటే, బిడ్డ స్నానం నీళ్ళు గ్యాస్ మీద కాచుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, నెలకు సగటున రెండు వందలకు పైనే కలిసొస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి, తల్లి ఒక్కతే వెళ్ళే పనులకు బండి తీయొద్దు. మిగతాది బయట తిండి దగ్గరా పెట్రోలు దగ్గరా సర్దాలి.

జీతం పడిన రోజే 1,900 తీసి, ఫోన్‌పే, గూగుల్ పేలకు కలపని ఖాతాలో వేయండి. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా చాలు. ఫోన్‌తో తీయగలిగే ఖాతాలో వేస్తే నెలాఖరుకు కిరాణాకు పోతుంది.

డైపర్లు, గుడ్డలు

పగలూ రాత్రీ డైపరే అంటే రోజుకు ఎనిమిది, ఒక్కోటి 9 రూపాయల చొప్పున నెలకు 2,160. రాత్రికి ఒకటి, అర్ధరాత్రి విరేచనమైతే మార్చడానికి నెలలో ఓ పదిహేను, ఆసుపత్రికీ ఊరికీ ఓ పది అనుకుంటే 55. ఐదు వందల్లో అయిపోతుంది. పగలంతా గుడ్డలే.

గుడ్డలు కొనొద్దు. ఉతికి ఉతికి మెత్తబడిన నాలుగు మీటర్ల నూలు పంచె ఒకటి చించితే 60 సెంటీమీటర్ల చదరపు ముక్కలు పన్నెండు వస్తాయి. రెండు పంచెలకు ఇరవై నాలుగు. ఎండాకాలం అవి చాలు, వానాకాలం ఇంకో పన్నెండు కావాలి. పాలిస్టర్ కలిసిన బట్ట తడి పీల్చదు, పారేయండి. అంచులకు జరీ ఉంటే కత్తిరించేయాలి, తొడలు కోసుకుపోతాయి. కింద రబ్బరు షీటు, దాని మీద పాత దుప్పటి మడత వేస్తే పరుపు తడవదు.

ఉతకడంలో చేసే తప్పులు రెండు. డెట్టాల్ లాంటివి ఎక్కువ పోసి సరిగ్గా జాడించకపోతే ఎర్రగా ఒరుసుకుపోతుంది. బట్టలు మెత్తబడే లిక్విడ్ వేస్తే గుడ్డ మీద పొరలా పట్టి తడి పీల్చడం మానేస్తుంది. మలం ఉన్న గుడ్డను ముందు చన్నీళ్ళలో జాడించి, తర్వాత వేణ్నీళ్ళలో సబ్బు పెట్టాలి. వేడినీళ్ళు ముందే పోస్తే మరక అతుక్కుపోతుంది. మిగతాది ఎండ చూసుకుంటుంది.

డైపర్లు కొనేటప్పుడు ప్యాకెట్టు ధర చూడకుండా ఒక్కోటి ఎంత పడుతుందో భాగించి చూడండి. అన్నిటికన్నా చిన్న సైజు పెద్ద ప్యాకెట్టు కొనడం వృథా, అది దాదాపు 5 కిలోల వరకే పడుతుంది, చాలామంది పిల్లలు రెండు నెలల్లో ఆ బరువు దాటేస్తారు. తడి వైప్స్ ఇంట్లో అక్కర్లేదు, గోరువెచ్చని నీళ్ళు, దూది చాలు. వాకర్ ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. మెట్ల దగ్గరా గడప దగ్గరా పడి తలకు దెబ్బలు తగులుతాయి, పైగా నడక ముందు రాదు. పౌడరు, సీసాల స్టెరిలైజర్, పిల్లల బూట్లు, ఇవన్నీ కూడా మానేయొచ్చు.

పాలడబ్బా

మొదటి ఆరు నెలల బడ్జెట్‌ను తలకిందులు చేసేది ఇదే. నాలుగో నెల బిడ్డకు పూర్తిగా డబ్బాపాలే అయితే రోజుకు సుమారు 800 మిల్లీలీటర్లు. 30 మిల్లీలీటర్ల నీళ్ళకు ఒక చెంచా, అంటే సుమారు నాలుగున్నర గ్రాముల పొడి. రోజుకు 120 గ్రాములు. 400 గ్రాముల డబ్బా మూడున్నర రోజులు కూడా రాదు. నెలకు తొమ్మిది డబ్బాలు, నాలుగు వందల చొప్పున 3,600. పై ఇంట్లో ఆ డబ్బు లేదు. అలాంటప్పుడు జరిగేది ఏమిటంటే, డబ్బా నెలాఖరు దాకా రావాలని ఒక చెంచా తగ్గించి నీళ్ళు పెంచుతారు. ఇది అస్సలు చేయకూడదు. బిడ్డ కడుపు నిండినట్టే ఉంటుంది, బరువు పెరగదు, నీళ్ళెక్కువై ఒంట్లో ఉప్పు పడిపోతే మూర్ఛ కూడా వస్తుంది. ఏడాది లోపు ఆవుపాలు, గేదెపాలు నీళ్ళు కలిపి పట్టడం కూడా దీనికి బదులు కాదు.

'పాలు చాలట్లేదు' అని డబ్బా మొదలుపెట్టే ముందు రెండు చూడండి. ఐదారు రోజులు దాటిన బిడ్డ ఇరవై నాలుగు గంటల్లో ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ మూత్రం పోస్తోందా? మొదటి మూడు నెలల్లో వారానికి 150 నుంచి 200 గ్రాములు పెరుగుతోందా? అంగన్‌వాడీలో తూకం ఉచితం. ఆశా కార్యకర్త మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఇంటికే వచ్చి బరువు చూడాలి, రాకపోతే ఫోన్ చేసి పిలిపించుకోండి. ఈ రెండూ బాగుంటే పాలు చాలుతున్నట్టే. సాయంత్రం పూట ఏడుపు, గంటగంటకూ రొమ్ము వెతకడం ఆకలి గుర్తులే కానక్కర్లేదు. డబ్బా ఒక పూట అలవాటు చేస్తే ఆ పూట రొమ్ము తాగదు, తాగని పూట పాలు తయారు కావు, వారంలో నిజంగానే చాలవు. డాక్టరు డబ్బా రాస్తే మాత్రం చెంచా కొలత తగ్గించకుండా పట్టాలి, ఖర్చు ఇంకోచోట కోయాలి.

తల్లి పనికి వెళ్ళాల్సి వస్తే చేత్తో పిండిన పాలు స్టీలు గిన్నెలో మూత పెట్టి బయట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచుకోవచ్చు. మే నెల ఎండల్లో బయట అంతసేపు ఉంచొద్దు. పట్టడానికి సీసా కొనక్కర్లేదు, మూతి ఉన్న ఉగ్గుగిన్నె చాలు. మరిగించి కడగడమూ తేలిక.

బాలింతకు డబ్బాల్లో వచ్చే ప్రత్యేక పొడులకు ఐదారు వందలు పెట్టేకన్నా ఆ డబ్బుకు గుడ్లు, పల్లీలు, నువ్వులు, రాగిపిండి, మునగాకు నెలంతా వస్తాయి. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు నెలల వరకు బాలింతకూ అంగన్‌వాడీలో రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఆంధ్రలో సరుకులు ఇంటికే ఇస్తారు. పుట్టింటికి వెళ్ళినప్పుడు అక్కడి అంగన్‌వాడీకి పేరు మార్పించుకోవాలి. అది చేయకే చాలామందికి మూడు నెలల సరుకు పోతుంది.

టీకాలు, మందులు

జాతీయ టీకాల పట్టికలో ఉన్నవన్నీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, బస్తీ దవాఖానాలో ఉచితం: పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, పోలియో, రోటా. ఆరు, పద్నాలుగు వారాలకు న్యుమోకోకల్, తొమ్మిది నెలలు నిండాక దాని బూస్టర్, ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా). న్యుమోకోకల్ ఒకప్పుడు ప్రైవేటులోనే దొరికేది, మోతాదుకు వేలు పోసేవాళ్ళు. 2021 నుంచి దేశమంతటా ఉచితంగా వేస్తున్నారు, ఇప్పటికీ తెలియక డబ్బిచ్చి వేయించేవాళ్ళున్నారు. 'నొప్పి లేని టీకా' అని ఎక్కువ తీసుకునేదానిలో జ్వరం, వాపు తక్కువ, అంతే. రక్షణ ఎక్కువేమీ కాదు. ఫ్లూ, హెపటైటిస్-ఎ, ఆటలమ్మ లాంటివి ఉచిత పట్టికలో లేవు. అవి వేయించాలనుకుంటే రెండో ఏడాది లెక్కలో పెట్టుకోండి, ఏది ముందో డాక్టరును అడిగి.

విటమిన్-డి చుక్కలు ఏడాది వరకు రోజుకు 400 యూనిట్లు ఇవ్వమంటారు. సీసా మీద మిల్లీలీటరుకు 400 ఉందా 800 ఉందా చూడాలి. 800దైతే అర మిల్లీలీటరే. చూడకుండా నిండా పడితే మందు రెండింతలు, సీసా సగం రోజులకే ఖాళీ. జ్వరం మందులో ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. పారాసిటమాల్ చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి, సిరప్‌లో దాదాపు 25. ఒకే పేరుతో రెండూ దొరుకుతాయి. సిరప్ కొలత చుక్కల మందుకు వాడితే నాలుగు రెట్లు పడుతుంది. డాక్టరు రాసిన చీటీని ఆ సీసాకే రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచండి. చవకగా మందులమ్మే జన్ ఔషధి దుకాణం దగ్గరలో ఉంటే మందు పేరు, మోతాదు చూపి అక్కడ అడగండి.

విరేచనాలకు ఓఆర్ఎస్, జింకు ఆశా దగ్గర ఉచితంగా దొరుకుతాయి. గ్రైప్ వాటర్, తేనె, పంచదార నీళ్ళు కొని పట్టడం డబ్బు దండగే కాదు, ఏడాది లోపు తేనె ప్రమాదం కూడా.

ఇక ఇక్కడ డబ్బు చూడకూడదు: రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం రావడం లేదా ఒళ్ళు చల్లబడడం, పాలు తాగకపోవడం, నిమిషానికి అరవై దాటి ఊపిరి తీయడం, డొక్కలు లోపలికి లాగడం, అరిచేతులు అరికాళ్ళు పచ్చబడడం, ఫిట్స్. వెంటనే 108కి చేయండి. జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక వార్డు ఉంటుంది, ఉచితం. ప్రైవేటుకు వెళ్ళాల్సి వస్తే చేర్చేముందే ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసేవాళ్ళు) ఎక్కడున్నారని అడిగి కార్డు చూపండి. డబ్బు కట్టేశాక కార్డు తీస్తే వెనక్కి రావడం కష్టం.

కాగితాలు

పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు ఉచితం. దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా తిరగాలి. ఆసుపత్రి వాళ్ళు రాసే ఫారంలో తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూడండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన వాళ్ళకు బడి నుంచి పాస్‌పోర్టు దాకా ఈ కాగితమే పుట్టిన తేదీకి ఆధారం. బిడ్డకు పేరు అప్పటికి పెట్టకపోయినా పర్వాలేదు, పన్నెండు నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు.

ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5,000 రెండు విడతల్లో వస్తుంది: గర్భం నమోదయ్యాక 3,000, బిడ్డకు మొదటి విడత టీకాలు పూర్తయ్యాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి. అర్హత, దరఖాస్తు గురించి అంగన్‌వాడీ టీచరును అడగాలి. డబ్బు ఆగిపోయే చోటు ఎక్కువగా బ్యాంకులో ఉంటుంది. సొమ్ము మీరిచ్చిన ఖాతా నంబరుకు కాకుండా తల్లి ఆధార్‌కు చివరగా కలిపిన ఖాతాకు వెళ్తుంది. అది పెళ్ళికి ముందు కాలేజీలో తెరిచి మూతపడిన ఖాతా అయితే వెనక్కి పోతుంది. బ్యాంకుకు వెళ్ళి ఇప్పటి ఖాతాకు ఆధార్ అనుసంధానం మార్పించుకోండి.

బిడ్డ పేరు రేషన్ కార్డులో చేర్పిస్తే తెలంగాణలో నెలకు 6 కిలోల సన్నబియ్యం అదనం, ఆంధ్రలో 5 కిలోలు. పేరుకు బిడ్డది, తినేది ఇల్లంతా.

బారసాలకే బీమా ఏజెంటు వస్తాడు, పిల్లల పాలసీ అంటాడు. మొదటి ఏడాది వద్దు. ఇల్లు నడిచేది తండ్రి జీతం మీద కాబట్టి బీమా ఆయన పేరున ఉండాలి. బ్యాంకులో జీవన్ జ్యోతి ఏడాదికి 436కి 2 లక్షలు, సురక్షా బీమా 20కి ప్రమాదంలో 2 లక్షలు. మొత్తం 456. ఆడపిల్లకు సుకన్య సమృద్ధి ఖాతా తెరవాలనిపిస్తే ఏడాదికి కనీసం 250 కడితే ఖాతా నిలుస్తుంది. ఈ ఏడాది అంతకన్నా వేయకండి, వేసింది అవసరానికి బయటికి రాదు.

ఉగ్గు

ఆరు నెలలు నిండాక డబ్బా సెరల్ ఒక్కోటి మూడు వందలు, రోజుకు రెండు పూటలు పెడితే మూడు నాలుగు రోజులు. ఇంట్లో చేస్తే: బియ్యం 300 గ్రాములు, పెసరపప్పు 100, వేరుశనగ పప్పు 30. బియ్యం కడిగి నీడన పూర్తిగా ఆరబెట్టాలి. మూడూ విడివిడిగా సన్నసెగ మీద వేయించి, చల్లారాక రవ్వగా పట్టాలి. వేరుశనగ నూనె వదులుతుంది కాబట్టి బియ్యంతో కలిపి ఆడించండి. రెండు పెద్ద చెంచాల పొడి గిన్నెడు నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి ఉడికించి, దించాక చెంచాడు నెయ్యి. ఉప్పు, పంచదార ఏడాది దాకా వద్దు. పెట్టిన ఉగ్గు చెంచాలోంచి జారిపోకుండా నిలవాలి. నీళ్ళగా పెడితే పొట్ట నిండుతుంది, బలం రాదు. మొదటిసారి వేరుశనగ లేకుండా చేసి, వారం తర్వాత కొద్దిగా కలిపి ఒంటి మీద దద్దుర్లేమైనా వస్తాయేమో చూడండి. పదిహేను రోజులకు సరిపడానే పట్టించాలి, వానాకాలం పురుగు పడుతుంది.

తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడో నెల నుంచి బాలామృతం నెలకు రెండున్నర కిలోలు, గుడ్లు 16 ఇస్తారు. గోధుమ, శనగ, పాలపొడి, నూనె, చక్కెరతో చేసిన పొడి అది. ఒక పూట అది, ఒక పూట ఉగ్గు, ఒక పూట ఇంట్లో వండిన పప్పన్నం మెత్తగా చిదిమి నెయ్యి వేసి పెడితే సెరల్ డబ్బా ఇంటికి రానక్కర్లేదు. ఐరన్ సిరప్ కూడా ఆరు నెలలు నిండినప్పటినుంచి వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు, ఆశా ఇవ్వాలి.

అయినా చాలకపోతే

అప్పు ఎక్కడ తెస్తారన్నదాన్ని బట్టి రెండో ఏడాది ఉంటుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 20,000కు నెలకు 600. అదే గొలుసు బ్యాంకులో పెడితే ఏడాదికి పది శాతం లెక్కన నెలకు 167. తాకట్టు దుకాణానికి వెళ్ళే అలవాటున్న వాళ్ళు ఒక పూట బ్యాంకు క్యూలో నిలబడితే నెలకు నాలుగు వందలు మిగిలినట్టు. మహిళా సంఘంలో ఉంటే ముందు అక్కడ అడగండి. ఫోన్ యాప్ అప్పు మాత్రం చివరికి కూడా వద్దు. 5,000 అప్పని చెప్పి ముందే 1,200 పట్టుకుని 3,800 ఇస్తే, కట్టేది ఐదు వేలే. తప్పనిసరై తీసుకుంటే అసలు అప్పిచ్చేది ఏ బ్యాంకో, ఏ ఎన్‌బీఎఫ్‌సీనో (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ), ఏడాది మొత్తం ఖర్చు ఎంత శాతమో రాసిన వివరాల పత్రం చూపించాలి. చూపించకపోతే ఆ యాప్ తీసేయండి.

నడుస్తున్న చిట్టీని బారసాల కోసం పాడొద్దు. నెలకు 3,000 చొప్పున ఇరవై నెలల 60,000 చిట్టీని ఐదో నెలలో 15,000 తగ్గించి పాడితే చేతికి 45,000, కమీషన్ పోను ఇంకా తక్కువ. వాయిదాలు మాత్రం ఇరవయ్యో నెల దాకా కట్టాలి. ఆసుపత్రి లాంటి అవసరానికైతే పాడొచ్చు, అది కూడా గొలుసు లెక్క వేసి చూశాక.

ఏడో నెలలో తల్లి మళ్ళీ పనికి వెళ్ళడం లాభమా అని చాలా ఇళ్ళల్లో తర్జనభర్జన పడతారు. 12,000 జీతంలో బిడ్డను చూసుకునే మనిషికి 5,000, తల్లి బయట తిండికి, టీకి 800 పోతే 6,200 మిగులుతుంది. బస్సు ఉచితం. అత్తగారో అమ్మో చూసుకుంటే పదకొండు వేలు మిగులుతాయి, కానీ వాళ్ళ బీపీ, షుగర్ మందుల ఖర్చు ఆ డబ్బులోంచే పెట్టాలి, అది న్యాయం. యాభైమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసి రావచ్చు. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. చేరేముందే ఈ రెండూ అడిగి తెలుసుకోండి. మళ్ళీ జీతం వచ్చిన మొదటి నెల అందులో సగం బ్యాంకులో ఉన్న గొలుసుకు కట్టేయండి.